భాగం – 9: ప్రభుత్వ బెయిలౌట్లు – 2008 అమెరికా అనుభవం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• బెయిలౌట్ అంటే ఏమిటో, అది ఉద్దీపన ప్యాకేజీకి ఎలా భిన్నమో చెప్పగలుగుతారు.
• 2008లో అమెరికా ప్రభుత్వం కొన్ని సంస్థలను ఎందుకు ఆదుకుందో వివరించగలుగుతారు.
• ఒక బెయిలౌట్ న్యాయమైనదా, కాదా అని పరిశీలించడానికి అవసరమైన ప్రమాణాలను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

మార్కెట్ వ్యవస్థలో లాభం ఎవరిదో నష్టం కూడా వారిదే. సరిగా నడవని దుకాణం మూతపడుతుంది. దాన్ని ఆదుకోవడానికి ప్రభుత్వం రాదు. కానీ ఒక పెద్ద బ్యాంకు మూతపడే పరిస్థితి వచ్చినప్పుడు ప్రభుత్వాలు ఈ సూత్రాన్ని పక్కనపెట్టి, ప్రజాధనంతో దాన్ని నిలబెట్టిన సందర్భాలు అనేకం. ఇలా ఎందుకు జరుగుతుంది? దీని భారం ఎవరి మీద పడుతుంది? 2008 నాటి అమెరికా అనుభవం ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

9.2 బెయిలౌట్ – అర్థం

దివాలా తీసే స్థితిలో ఉన్న సంస్థను నిలబెట్టడానికి ప్రభుత్వం గాని, కేంద్ర బ్యాంకు గాని అందించే ఆర్థిక సహాయాన్ని బెయిలౌట్ అంటారు. ఇది రుణంగా, వాటాల కొనుగోలుగా లేదా హామీగా ఉండవచ్చు. ఉద్దీపన ప్యాకేజీ ఇందుకు భిన్నమైనది. పన్నులు తగ్గించి, ప్రభుత్వ వ్యయం పెంచి, మొత్తం ఆర్థిక వ్యవస్థలో గిరాకీని పెంచడం దాని ఉద్దేశం. 2009 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన 78,700 కోట్ల డాలర్ల చట్టం ఉద్దీపన ప్యాకేజీ. 2008 అక్టోబరులో అధ్యక్షుడు జార్జి బుష్ సంతకం చేసిన 70,000 కోట్ల డాలర్ల చట్టం బెయిలౌట్.

బ్యాంకులకు ఈ అవసరం ఎందుకు వస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక బ్యాంకు వద్ద రూ. 100 విలువైన ఆస్తులు ఉన్నాయనుకోండి. వాటిలో రూ. 95 ఇతరుల దగ్గర తెచ్చిన సొమ్ము, రూ. 5 మాత్రమే సొంత మూలధనం. ఆస్తుల విలువ 6 శాతం పడిపోతే మిగిలేది రూ. 94. బాకీలు మాత్రం రూ. 95 అలాగే ఉంటాయి. అంటే విలువలో కొద్దిపాటి తగ్గుదల కూడా సంస్థను దివాలా తీయిస్తుంది. ఈ అనుమానం కలిగిన వెంటనే అప్పు ఇచ్చినవారందరూ ఒకేసారి సొమ్ము వెనక్కి అడుగుతారు. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న బ్యాంకు కూడా చిక్కుల్లో పడుతుంది.

9.3 2008 సెప్టెంబరు సంఘటనలు

అమెరికాలో ఇళ్ల ధరలు పెరుగుతూనే ఉంటాయన్న నమ్మకంతో, తిరిగి చెల్లించే శక్తి తక్కువగా ఉన్నవారికి కూడా గృహరుణాలు విరివిగా ఇచ్చారు. ఈ రుణాలను మూటగట్టి, సెక్యూరిటీలుగా మార్చి ప్రపంచమంతటా అమ్మారు. 2006 తరువాత ఇళ్ల ధరలు పడిపోవడంతో ఆ సెక్యూరిటీల విలువ కూడా పడిపోయింది.

2008 మార్చిలో బేర్ స్టెర్న్స్ సంస్థను జేపీ మోర్గాన్ కొనుగోలు చేయడానికి ఫెడరల్ రిజర్వ్ సహాయపడింది. సెప్టెంబరు 7న గృహరుణ సంస్థలు ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్‌లను ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకుంది. కానీ సెప్టెంబరు 15న లీమన్ బ్రదర్స్ దివాలా తీసినప్పుడు ప్రభుత్వం ఆదుకోలేదు. తగిన హామీ లేకుండా రుణం ఇచ్చే అధికారం తమకు లేదన్నది అధికారుల వాదన. ఆ మరుసటి రోజే బీమా సంస్థ ఏఐజీకి 8,500 కోట్ల డాలర్ల రుణం ఇచ్చి, దానికి బదులుగా 79.9 శాతం వాటా తీసుకోవడానికి ఫెడరల్ రిజర్వ్ ముందుకు వచ్చింది.

లీమన్ పతనం ప్రభావం ఆ సంస్థతోనే ఆగిపోలేదు. దానికి అప్పు ఇచ్చిన రిజర్వ్ ప్రైమరీ ఫండ్‌లో ఒక డాలరు యూనిట్ విలువ 97 సెంట్లకు పడిపోయింది. బ్యాంకు డిపాజిట్ లాగా భద్రమని భావించి అందులో సొమ్ము దాచుకున్నవారు భయపడ్డారు. ఇలాంటి ఇతర నిధుల నుంచి కూడా సొమ్ము వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. కంపెనీలు జీతాలు, సరుకుల కొనుగోళ్ల కోసం తీసుకునే స్వల్పకాలిక రుణాలు ఈ నిధుల నుంచే వచ్చేవి. వాల్‌స్ట్రీట్ సంక్షోభం సామాన్య ఉద్యోగి జీతాన్ని తాకే మార్గం ఇదే.

9.4 టార్ప్ పథకం

ఈ పరిస్థితిలో ఆర్థిక మంత్రి హెన్రీ పాల్సన్, ఫెడరల్ రిజర్వ్ అధ్యక్షుడు బెన్ బెర్నాంకీ చట్టసభను 70,000 కోట్ల డాలర్లు కోరారు. సెప్టెంబరు 29న ప్రతినిధుల సభ ఈ బిల్లును 228–205 ఓట్లతో తిరస్కరించింది. ఆ రోజు డౌ జోన్స్ సూచీ 777 పాయింట్లు పడిపోయింది. సవరించిన బిల్లు అక్టోబరు 3న చట్టమైంది.

బ్యాంకుల వద్ద ఉన్న చెడ్డ ఆస్తులను కొనడం ఈ పథకం తొలి ఉద్దేశం. కానీ వాటికి ధర నిర్ణయించడం కష్టమైన పని. అందువల్ల ప్రభుత్వం మార్గం మార్చి బ్యాంకుల ప్రాధాన్యత వాటాలను నేరుగా కొన్నది. మొదటగా తొమ్మిది పెద్ద బ్యాంకులకు 12,500 కోట్ల డాలర్లు కేటాయించింది. ఈ వాటాలపై మొదటి అయిదేళ్లు 5 శాతం, ఆ తరువాత 9 శాతం డివిడెండు చెల్లించాలన్నది షరతు.

9.5 రెండు బెయిలౌట్లు – ఒక పోలిక

జనరల్ మోటార్స్, క్రైస్లర్ సంస్థలకు 2008 డిసెంబరులో 1,740 కోట్ల డాలర్ల రుణం ప్రకటించారు. తరువాతి ఏడాది రెండు సంస్థలూ దివాలా చట్టం కింద పునర్వ్యవస్థీకరణకు వెళ్లాయి. జనరల్ మోటార్స్ అధిపతి రిక్ వాగనర్ పదవి వదులుకోవలసి వచ్చింది. పాత వాటాదారుల పెట్టుబడి దాదాపుగా తుడిచిపెట్టుకుపోయింది. బాండ్లు కొన్నవారు భారీగా నష్టపోయారు. కార్మిక సంఘాలు కూడా రాయితీలకు అంగీకరించాయి. కొత్త సంస్థలో ప్రభుత్వానికి సుమారు 61 శాతం వాటా దక్కింది.

ఏఐజీ విషయంలోనూ వాటాదారులు నష్టపోయారు, అధిపతి మారాడు. కానీ ఏఐజీ నుంచి సొమ్ము రావలసిన పెద్ద బ్యాంకులకు ప్రజాధనంతో పూర్తి మొత్తం అందింది. వాటిలో గోల్డ్‌మన్ శాక్స్ కూడా ఉంది. 2009 మార్చిలో, నష్టాలకు కారణమైన విభాగంలోని ఉద్యోగులకు 16.5 కోట్ల డాలర్ల బోనస్‌లు ఇస్తున్నట్టు బయటపడింది. ఒప్పందం ప్రకారం చెల్లించక తప్పదని సంస్థ చెప్పింది. అదే సమయంలో కార్ల కార్మికుల ఒప్పందాలను మాత్రం తిరిగి రాయించడాన్ని ప్రజలు గమనించారు.

9.6 ప్రజాభిప్రాయం

బెయిలౌట్లపై వ్యతిరేకత రెండు వైపుల నుంచి వచ్చింది. 2009లో ఊపందుకున్న టీ పార్టీ ఉద్యమం, ఇతరుల అప్పులకు పన్ను చెల్లించేవారు ఎందుకు బాధ్యులు కావాలని ప్రశ్నించింది. 2011 సెప్టెంబరు 17న న్యూయార్క్‌లో మొదలైన ఆక్యుపై వాల్‌స్ట్రీట్ ఉద్యమం, బ్యాంకులకు దొరికిన సహాయం ఇళ్లు పోగొట్టుకున్నవారికి ఎందుకు దొరకలేదని నిలదీసింది. పత్రికా కార్టూనిస్టులు, ఇంటర్నెట్‌లో సొంతంగా బొమ్మల కథలు గీసి పాఠకుల ఆదరణపై బతికే చిత్రకారులు కూడా ఈ చర్చలో పాల్గొన్నారు. వారిలాంటి స్వయం ఉపాధిదారుల దృష్టిలో ప్రశ్న సూటిగా ఉంటుంది: ‘నా పని దెబ్బతింటే నన్ను ఆదుకునేవారు ఎవరు?’

ఆర్థికశాస్త్రం ఇదే సమస్యను మరో కోణంలో చూస్తుంది. నష్టం వచ్చినా ప్రభుత్వం ఆదుకుంటుందన్న ధీమా ఉన్నప్పుడు సంస్థలు మరింత సాహసానికి దిగుతాయి. లాభం వాటాదారులకు, నష్టం పన్ను చెల్లించేవారికి చేరే ఈ ధోరణిని ‘మోరల్ హజార్డ్’ అంటారు.

9.7 ఫలితాల అంచనా

బ్యాంకులకు ఇచ్చిన సొమ్ము లాభంతో సహా తిరిగి వచ్చింది. ఏఐజీకి కేటాయించిన సహాయం గరిష్ఠంగా 18,200 కోట్ల డాలర్లకు చేరినా, చివరికి ప్రభుత్వానికి, ఫెడరల్ రిజర్వ్‌కు కలిపి 2,270 కోట్ల డాలర్లు మిగిలాయి. వాహన రంగానికి ఇచ్చిన సుమారు 8,000 కోట్ల డాలర్లలో 7,000 కోట్ల వరకు వసూలయ్యాయి.

అయితే సొమ్ము తిరిగి వచ్చిందన్నంత మాత్రాన లెక్క పూర్తి కాదు. ఎవరూ ముందుకు రాని సమయంలో ప్రభుత్వం తీసుకున్న ప్రమాదానికి కూడా ఒక ధర ఉంటుంది. సహాయం అందరికీ సమానంగా చేరిందా అన్నది మరొక ప్రశ్న. 30 నుంచి 40 లక్షల మంది ఇంటి యజమానులను ఆదుకోవడం లక్ష్యంగా ప్రారంభించిన రుణ సవరణ పథకం ఆ లక్ష్యాన్ని చేరుకోలేకపోయింది. అందువల్ల ఏ బెయిలౌట్‌నైనా మూడు ప్రశ్నలతో పరిశీలించాలి:

1. ఆ సంస్థ కూలితే ఇతరులకు కలిగే నష్టం ఎంత?
2. నష్టాన్ని మొదట భరించినది వాటాదారులు, రుణదాతలా, లేక ప్రజలా?
3. సహాయానికి బదులుగా ఎలాంటి షరతులు విధించారు?

9.8 హైదరాబాదు అనుభవం – సత్యం కంప్యూటర్స్

ఆదుకోవడం అంటే ప్రతిసారీ ప్రజాధనం ఇవ్వడమే కానక్కరలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కల్లో అక్రమాలను అంగీకరించారు. వేలాది ఉద్యోగుల భవిష్యత్తు ప్రశ్నార్థకమైంది. కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తొలగించి, కొత్త డైరెక్టర్లను నియమించింది. ఏప్రిల్‌లో పోటీ బిడ్డింగు ద్వారా టెక్ మహీంద్రా ఆ సంస్థను దక్కించుకుంది. ప్రభుత్వం అందులో పెట్టుబడి పెట్టలేదు. వాటా విలువ పడిపోయిన నష్టాన్ని వాటాదారులే భరించారు. అయితే సత్యం బ్యాంకు కాదు. అది కూలితే చెల్లింపుల వ్యవస్థ స్తంభించదు. పై మూడు ప్రశ్నలలో మొదటిదానికి ఉన్న ప్రాముఖ్యం ఇక్కడ స్పష్టమవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

గమనిక: సమాధానాలు రాసిన తరువాత 9.2, 9.6 విభాగాలతో సరిచూసుకోండి.
1. బెయిలౌట్‌కు, ఉద్దీపన ప్యాకేజీకి గల తేడా ఏమిటి?
2. ‘మోరల్ హజార్డ్’ అంటే ఏమిటి?

9.9 సారాంశం

ఒక సంస్థ పతనం దానితో సంబంధం లేనివారిని కూడా ముంచే ప్రమాదం ఉన్నప్పుడు ప్రభుత్వ జోక్యం అవసరమవుతుంది. 2008లో టార్ప్ వంటి చర్యలు ఆర్థిక వ్యవస్థ స్తంభించకుండా తోడ్పడ్డాయి. కానీ నష్టభారం అందరిపై ఒకే విధంగా పడలేదు. కాబట్టి ఆదుకోవాలా, వద్దా అన్న ప్రశ్నతో పాటు, నష్టాన్ని ఎవరు భరించాలి, ఏ షరతులపై ఆదుకోవాలి అన్న ప్రశ్నలకూ సమాధానం వెదకాలి. వ్యవస్థను కాపాడటం ఒక పని, దాన్ని ఆ స్థితికి తెచ్చినవారిని కాపాడటం మరొక పని. ఈ రెండింటినీ వేరు చేయగలిగిన బెయిలౌట్‌నే ప్రజలు అంగీకరించగలుగుతారు.

9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 2008 సెప్టెంబరులో అమెరికా ఆర్థిక సంక్షోభం తీవ్రం కావడానికి దారితీసిన సంఘటనలను వివరించండి.
2. జనరల్ మోటార్స్, ఏఐజీ బెయిలౌట్లను నష్టభారం పంపిణీ దృష్ట్యా పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. టార్ప్ పథకం తొలి ఉద్దేశం ఎందుకు మారింది?
2. సత్యం కంప్యూటర్స్ విషయంలో ప్రభుత్వ జోక్యం బెయిలౌట్‌కు ఎలా భిన్నమైనది?