కనిపించని సిమ్ము

రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి కువైట్‌కు వలస దశాబ్దాలుగా సాగుతున్నది. ఒకప్పుడు క్షేమసమాచారానికై ఇంటివారు ఉత్తరం కోసం వారాల తరబడి ఎదురుచూసేవారు. నేడు కుమారుడు విమానం దిగిన గంటలో పలకరించకున్నచో తల్లి మనస్సు కుదుటపడదు.

ఆ తొలి గంటలో అక్కరకు వచ్చేది ఈ-సిమ్. ఇది చేత పట్టుకొనే ముక్క కాదు. ఫోనులోనే అమర్చిన చిప్. కొన్న ప్యాకేజీ తాలూకు క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయగానే నెట్‌వర్క్ వివరాలు ఇంటర్నెట్ ద్వారా అందులో చేరుతాయి. ఇంటర్నెట్ కోసం కొన్నదానిని నింపుకొనడానికీ ఇంటర్నెటే కావాలి! కనుక ఈ పనిని ఇంటివద్దనే ముగించుకోవాలి. అన్ని ఫోన్లలో ఈ వసతి ఉండదు. *#06# నొక్కినపుడు ఈఐడీ అనే సంఖ్య కనిపించినచో సాధారణంగా ఉన్నట్లే.

ఇట్టి ఈ-సిమ్‌లలో పెక్కింటికి డేటాయే తప్ప ఫోను నంబరు ఉండదు. వాట్సాప్ పాత నంబరుతోనే నడుస్తుంది. బ్యాంకు ఓటీపీ కూడా దానికే వస్తుంది. అందువల్ల మన సిమ్మును తీసివేయరాదు. దానికి అంతర్జాతీయ రోమింగ్ సదుపాయం ఉన్నదో లేదో బయలుదేరకముందే విచారించుకోవాలి. అక్కడ దిగిన పిమ్మట దాని డేటా రోమింగ్‌ను ఆపి, ఈ-సిమ్‌కు మాత్రమే తెరవాలి. ఇది మరచినచో చేతి సొమ్ము చమురు వదలడం ఖాయం.

ఉద్యోగానికి వెళ్ళినవారికి స్థానిక నంబరు దొరికేవరకే దీని అవసరం. బిడ్డలను చూడబోయే తల్లిదండ్రులకైతే తిరిగి వచ్చేదాకా ఇదే ఆధారం.