కాలికి కట్టిన బరువు

మా ఇంట్లో ఆలూమగలం ఇద్దరం బరువులు కట్టుకుని తిరుగుతున్నామంటే మీరు నవ్వుతారు. నవ్వండి; ఎదురింటివారు ఇదివరకే నవ్వేశారు.

అసలు కథ మా అత్తగారి దగ్గర మొదలయింది. రెండేళ్ళ క్రితం ఆవిడ స్నానాలగది గుమ్మంలో కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ చేశారు, మేకులు బిగించారు. కాని పెరట్లో తులసికోట దాకా తనంతట తాను నడిచి వెళ్ళడమన్నది మళ్ళీ జరగలేదు. ఆవిడకి సేవ చేస్తూ చేస్తూ మా ఆవిడ మనసులో ఒక భయం చేరింది. కిందటి ఏడు డాక్టరమ్మ పరీక్షలు చేయించి, "మీ ఎముకలు కూడా పలచబడుతున్నాయమ్మా. నడవండి, కాస్త బరువు పనులు చెయ్యండి" అన్నది. మా ఆవిడ వయస్సు 46. ఆ మాట వింటూనే నాకేసి ఒక చూపు చూసింది. బిందెలు మోసే రోజుల్లో నిక్షేపంలా ఉన్నాను, మోటారు పెట్టించింది మీరేగా అని దాని అర్థం.

ఇంతలో అమెరికా నుంచి మా అన్నగారమ్మాయి సెలవులకి వస్తూ రెండు వస్తువులు పట్టుకొచ్చింది. ఒకటి బరువు చొక్కా. ముందూ వెనకా చిన్న చిన్న జేబులు, వాటినిండా ఇనుప గుళ్ళు, వెరసి 4 కిలోలు. రెండోది చీలమండలకి చుట్టుకునే సంచుల జత, ఒక్కొక్కటి ఒక కిలో. "ఇవి కట్టుకుని ఇంటిపనులు చేసుకో పిన్నీ, వేరే వ్యాయామం అక్కర్లేదు. అక్కడ అందరూ ఇదే చేస్తున్నారు" అన్నది.

మందు ముందు మగవాడు మింగి చూడాలి గదా! కాలి సంచులు నేను పుచ్చుకున్నాను.

నాలుగు రోజులు బ్రహ్మాండంగా గడిచాయి. తెల్లవారుజామున రామకృష్ణా బీచి వెంట నడక, తరవాత పంట్లాం కింద ఆ సంచులతోనే కళాశాల మూడో అంతస్తు. సాయంత్రం విప్పేసిన క్షణాన కాళ్ళు రెండూ గాలిలో తేలిపోయేవి. ఆ తేలికని చూసి బలం వచ్చేసిందనుకుని మురిసిపోయాను. మన బీచి రోడ్డులో కోడి రామ్మూర్తి నాయుడుగారి విగ్రహం ఉంది. 1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పి, సర్కసు పెట్టి, ఏనుగుని గుండెల మీద నిలబెట్టుకున్న మహానుభావుడు. ఆయన ముందునుంచి వెళ్ళేటప్పుడు నా ఛాతీ కూడా ఒక అంగుళం ముందుకి వచ్చేది. చెప్పుకుంటే సిగ్గుగాని, నిజం.

ఒకనాడు చేపలగంప నెత్తినెత్తుకుని జాలరిపేట వైపునుంచి వస్తున్న ఒక మనిషి నా కాళ్ళు చూసి ఆగింది. "ఏటి బాబూ, ఆ కట్లేటి? దెబ్బ తగిలిందేటి?" అన్నది. దెబ్బ కాదు, వ్యాయామానికి బరువు కట్టుకున్నానని చెప్పాను. "బరువా! నన్నడిగితే ఈ గంప ఇద్దును కదా" అని, గంప తొణక్కుండా నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

పదో రోజుకి నా కుడి మోకాలు వాచింది.

మా కళాశాలలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన ఉన్నాడు. కుంటుతూ స్టాఫ్‌రూములోకి వచ్చిన నన్ను కూచోబెట్టి సంగతి చెప్పాడు. 1969లో సోల్, గోల్డ్‌మన్ అనే ఇద్దరు అమెరికా సైన్యం తరఫున ఒక లెక్క తేల్చారట. సిపాయిలచేత బరువు ఒకసారి నెత్తిమీద, ఒకసారి చేతుల్లో, ఒకసారి పాదాలకి కట్టించి నడిపించి, ఎంత శక్తి ఖర్చవుతోందో కొలిచారు. మన ఒంటి బరువులో ఒక కిలోని మోసుకు నడవడానికి ఒక పాలు శక్తి అవుతుందనుకుంటే, నెత్తిమీది కిలోకి 1.2 పాళ్ళు. పాదాలకి కట్టిన కిలోకి నడక వేగాన్నిబట్టి 4 మొదలు 6 పాళ్ళు!

కారణం తెలిస్తే వింతేమీ లేదు. మనం నడిచేటప్పుడు మొండెం ఇంచుమించు ఒకే వడిలో సాగిపోతుంది. పాదం అట్లా కాదు. ప్రతి అడుగుకీ నేలమీద పూర్తిగా ఆగాలి, మళ్ళీ లేచి మొండేన్ని దాటి ముందుకి దూకాలి, మళ్ళీ ఆగాలి. కర్ర చివర రాయి కట్టి ఊపి చూడండి, ఆ రాయినే పిడికిలి దగ్గర కట్టి ఊపి చూడండి. తేడా మణికట్టు చెబుతుంది. నా విషయంలో మోకాలు చెప్పింది. చీలమండ బరువులు పనికిరావని కాదు సుమండీ. కుర్చీలో కూచుని కాలు మెల్లిగా ఎత్తి దించే కసరత్తుకి వైద్యులే అవి కట్టిస్తారు. వాటితో ఊరంతా తిరగమని మాత్రం నా మోకాలికి ఎవరూ చెప్పలేదు.

గంపామె నవ్వులో కూడా శాస్త్రం ఉందన్నాడు మా మిత్రుడు. కెన్యాలో లువో, కికుయు స్త్రీలు నెత్తిన బరువులు మోస్తారు. వారిని పరీక్షించి 1986లో ప్రకటించిన దానిప్రకారం, తమ బరువులో అయిదోవంతు దాకా వారు అదనపు శ్రమ లేకుండానే మోయగలరు. చిన్ననాటినుంచి అలవాటయిన నడక తీరు అది. అయితే ఆ గంప ఆమె ముచ్చటపడి ఎత్తుకున్నది కాదు. నేను నొప్పి పుడితే సంచి విప్పేస్తాను. ఆమె మెడ నొప్పి పుడితే దించుకునే వీలు ఆమెకి లేదు. ఆమె నవ్వింది గనక నేనూ నవ్వాను గాని, తరవాత అంత నవ్వు రాలేదు.

బరువెత్తడం మన ఉత్తరాంధ్రకి కొత్త కాదు. ఊళ్ళలో సంగిడి రాళ్ళెత్తే పోటీలు ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. కాని రాయి ఎత్తినవాళ్ళు దించేస్తారు. రోజంతా కట్టుకు తిరగడం వేరు సంగతి.

ఇక అసలు ప్రశ్న మిగిలింది: మా ఆవిడ ఎముకల మాటేమిటి?

ఎముక రాయి కాదు, జీవమున్న వస్తువు. ఒత్తిడి పడితే గట్టిపడుతుంది, పడకపోతే కరుగుతుంది. భారమే తెలియని అంతరిక్షంలో వ్యోమగాములకి తుంటి ఎముక నెలకి నూటికి ఒక వంతు పైగా తరిగిపోతుంది. అంచేత బరువు చొక్కా వేసుకుంటే చాలనిపించడం సహజమే. అమెరికాలో 150 మంది స్థూలకాయులైన పెద్దవాళ్ళ మీద ఏడాదిపాటు చేసి 2025లో ప్రకటించిన పరీక్ష ఆ ఆశకి గండి కొట్టింది. వాళ్ళు ఒళ్ళు తగ్గించుకుంటున్నారు. ఒళ్ళు తగ్గితే ఎముకా తగ్గుతుంది. రోజూ గంటల తరబడి బరువు చొక్కా వేసుకున్నవాళ్ళకి కూడా తుంటి ఎముక తరుగుదల ఆగలేదు. మరోవైపు 2000లో ప్రకటించిన చిన్న పరీక్షలో, ముట్లుడిగిన స్త్రీలు కొందరు అయిదేళ్ళపాటు ఆ చొక్కాలతోనే గెంతుతూ కసరత్తు చేశారు. వాళ్ళకి తుంటి ఎముక నిలిచింది. ఉన్నది పద్దెనిమిది మందే గనక దాన్ని వేదవాక్కు చేసుకోనక్కర్లేదు. అయినా నాకు తోచినదేమంటే, ఎముక అడిగేది మోత కాదు, అదటు. ఊరికే మీద పడి ఉన్న బరువుని అది అంతగా పట్టించుకోదు.

ఈ రెండూ మా ఆవిడకి చదివి వినిపించాను. "అయితే ఈ వయస్సులో గెంతమంటారా?" అన్నది. డాక్టరమ్మ వద్దన్నది, పలచబడ్డ ఎముకలతో గెంతితే లాభం మాట అటుంచి వెన్నుకే ముప్పట. మెట్లు ఎక్కడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదేసిసార్లు లేవడం, వారానికి మూడుసార్లు డంబెల్సు పట్టడం, పాలూ, ఎండా, ఆవిడ రాసిచ్చిన మాత్రలూ. చొక్కా వేసుకోవచ్చు గాని మెట్లెక్కేటప్పుడు అరగంట, అదీ మొదట రెండు కిలోల గుళ్ళు తీసేసి. నడుం పట్టిందా, ఆ రోజుకి కొక్కేనికి తగిలించాలి.

మూడు నెలలుగా అట్లాగే సాగుతోంది. ఎముక లెక్క తేలడానికి మళ్ళీ ఏడాదికి గాని పరీక్ష లేదు. కిందటి ఆదివారం మాత్రం ఇద్దరం సింహాచలం మెట్లు ఎక్కాము. చొక్కా లేదు, పూజ బుట్ట ఉంది. అది ఆవిడే మోసింది. సగం దారిలో నేను చతికిలబడి మోకాలు రాసుకుంటూంటే, ఆవిడ పై మెట్టుమీద నిలబడి, "ఏమండీ, మెల్లిగానే రండి, స్వామి ఎక్కడికీ పోడు" అన్నది.

కాలి సంచులు ఇప్పుడు మేడమీద ఉన్నాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచినప్పుడు వడియాల గుడ్డ ఎగిరిపోకుండా నాలుగు మూలలా పెట్టడానికి ఇంకో జత ఉంటే బాగుండునని మా అత్తగారు అంటున్నారు.