ఎక్కేవాడికి దారి

మా బావకి రెండు వ్యసనాలున్నాయి. ఒకటి పాత మోటార్లు కొని బాగుచేయించడం; రెండోది, అవి నిజంగా బాగుపడ్డాయో లేదో తేల్చుకోవడానికి నన్ను ఎక్కించుకుపోవడం. మొదటిదానికి ఆయన డబ్బూ, రెండోదానికి నా నిద్రా ఖర్చవుతూ వుంటాయి.

ఈమాటు ఆయన చేతిలో పడింది ఒక ఎం.జి. కారు. టి.డి. అనే రకం; 1952లో ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో తయారైంది. ఎర్రని రంగు. ముందు పొడుగాటి బానెట్టు, వెనక పెట్రోలు టాంకు, దానికి వీపున తగిలించిన స్పేరు చక్రం. మధ్యన మిగిలిన కాస్త చోటులో ఇద్దరు మనుషులు కూర్చోవాలి. పైకప్పు గుడ్డది, మడిచి పెట్టేయవచ్చు. ముందు అద్దాన్ని సైతం బానెట్టు మీదికి పడుకోబెట్టవచ్చు. ఇంజను 1250 సి.సి., 54 గుర్రాల బలం. ఈనాటి లెక్కలో అదేమంత బలం కాదు. కాని బండి తేలిక, నేలకి దగ్గర. ముప్ఫై మైళ్ల వేగం కూడా అందులో అరవైలా వుంటుంది.

ఎం.జి. అంటే మోరిస్ గరాజెస్. ఆక్స్‌ఫర్డులో మోరిస్ కార్లు అమ్మే దుకాణం అది. అక్కడ మేనేజరుగా వున్న సెసిల్ కింబర్ అనే ఆయన, మామూలు కార్లకి సొగసైన తేలికపాటి బాడీలు కట్టించి అమ్మడంతో ఈ పేరు పైకి వచ్చింది. ఆబింగ్డన్ కర్మాగారం 1980లో మూతపడింది. తరువాత ఆ పేరు చైనా కంపెనీ చేతికి వెళ్లి, 2019లో మన దేశంలో మళ్లీ అమ్మకానికి వచ్చింది. మా వూరి పిల్లలకి మాత్రం ఈ చరిత్రతో నిమిత్తం లేదు. ఎం.జి. అంటే వాళ్లకి తెలిసింది ఒక్కటే. అందుచేత దానికి ‘మహాత్మాగాంధీ కారు’ అని పేరు పెట్టేశారు.

మా అక్కయ్య దాన్ని ఎక్కనని ఒట్టు పెట్టుకుంది. “రెండే సీట్లేమిటండీ! సంసారానికి పనికొచ్చే బండేనా అది? పిల్లని చంకనెత్తుకుని ఎక్కడ కూర్చోవాలి?” అని ఒక్కమాటలో తీసిపారేసింది.

బావ జవాబు చెప్పలేదు. నాతో మాత్రం అన్నాడు:

“ఏరా బామ్మర్దీ, ఇలాంటి కారు పుట్టిందే కొండదారి కోసం. దీన్ని కాలవగట్టు మీద తిప్పడమంటే పందెపు ఎద్దుని గానుగకి కట్టడమే. రేపు తెల్లవారుజామున మారేడుమిల్లి పోదాం. లేచి కూర్చో.”

ఆయన మాటలో నిజం లేకపోలేదు. మాది నిడదవోలు దగ్గర పల్లె. 2022లో జిల్లాలు మార్చినప్పుడు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరిలోకి వచ్చాం. వూరు మాత్రం అంగుళం కదలలేదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసింది మొదలు మా డెల్టాలో ఎత్తంటే కాలవగట్టు, పల్లమంటే వరిచేను. మాకు కొండ అంటే ఆకాశం అంచున కనిపించే నీలిగీత. ఆ గీతలోపల ఏముందో చూడాలని చిన్నప్పటినుంచీ వున్న కోరికే నన్ను ఆ చలిలో లేపింది.

◆

మార్గశిర మాసం. నాలుగు గంటలకి బయలుదేరాం. మఫ్లర్లు చుట్టుకున్నా చెవులు తిమ్మిరెక్కాయి. కొవ్వూరు దాటి గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి ఇంకా చీకటే. 1974లో తెరిచిన వంతెన అది. పైన మోటార్లు, కింద రైళ్లు. సగందూరంలో వుండగా మా కిందనుంచి ఒక రైలు వెళ్లింది. మూసిన కారులో అయితే ఆ సంగతి తెలిసేదే కాదు. ఇక్కడ ఆ అదురు అరికాళ్లలోంచి వెన్నులోకి వచ్చింది. నదిమీది పొగమంచు ముఖానికి తడిగా తగిలింది.

రాజమండ్రి దాటి, కోరుకొండ నరసింహస్వామి కొండని చీకట్లోనే ఎడంగా మొక్కి, గోకవరం చేరేసరికి తూరుపు తెలుపెక్కింది. గోకవరంతో పల్లపు లోకం అయిపోయినట్టే. తరువాత రోడ్డుకి ఇరుపక్కలా చెట్లు దగ్గరికి వస్తాయి. గాలి వాసన మారుతుంది. పేడ, వరిగడ్డి వాసనలు పోయి తడిసిన ఆకుల వాసన వస్తుంది. పైకప్పు లేని కారులో ఇదొక భాగ్యం. మలుపు తిరగ్గానే చలిగాలి, ఎండ తగిలే చోట వెచ్చని గాలి. కళ్లు మూసుకున్నా దారి తెలుస్తూనే వుంటుంది.

రంపచోడవరంలో టీ తాగాం. రంప అనే ఈ సీమ పేరుమీదనే 1879లో ఒక తిరుగుబాటు జరిగింది. కల్లుమీద పన్ను, ముఠాదార్ల మీద పీడన దానికి కారణాలు. తరువాత 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయినప్పుడు అదే పేరు మళ్లీ దేశమంతా వినబడింది. ఆ రెండో తిరుగుబాటుకి కారణాల్లో రోడ్డు ఒకటి. గూడెంలో డిప్యూటీ తహసీల్దారుగా వున్న బాస్టియన్, ఘాటు రోడ్డు పనికి కొండవాళ్లని తోలుకెళ్లి సరైన కూలి ఇవ్వక సతాయించాడు. కొండమీద రోడ్డు చూసి మనం ‘ఎంత అందం!’ అంటాం. అది వేసిన చేతులు ఎవరివో అడగం.

ఈ మాట అప్పుడు నాకు తట్టిందనుకోకండి. టీ కొట్టు దగ్గర నాకు తట్టిందల్లా ఇంకో టీ తాగాలని మాత్రమే.

◆

మారేడుమిల్లి ఈ మధ్య పేరుకెక్కిన వూరు. ఆదివారం నాడు బొంగులో చికెన్ కోసం వచ్చే కార్లు బారులు తీరుతాయి. ‘పుష్ప’ సినిమా చాలాభాగం ఈ అడవుల్లోనే తీశారు. మేము వెళ్లింది పనిదినం, అదీ పెందలాడే. బజారు ఇంకా కళ్లు నులుముకుంటోంది. అసలైన ఘాటు ఇక్కడినుంచే మొదలు. చింతూరు వైపు రోడ్డు మెలికలు తిరుగుతూ అడవిలోకి పోతుంది. ఆ చివర శబరి నది.

వూరు దాటాక బావ కారాపి, బడిపంతులులా వేలెత్తి పాఠం చెప్పాడు.

“ఘాటుకి మూడు సూత్రాలు. ఒకటి: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి. బండిని ఇంజను పట్టుకోవాలి గాని బ్రేకు కాదు. రెండు: మలుపులో హారను ముందు, మనం వెనక. మూడు: ఇరుకుచోట ఎదురుపడితే దిగేవాడు ఆగి ఎక్కేవాడికి దారి ఇవ్వాలి. చట్టంలో కూడా వుంది.”

“ఎందుకని?”

“ఎక్కే బండి ఆగితే మళ్లీ కదలడం కష్టంరా. బరువు వాడిది గనక దారి కూడా వాడిది.”

చెప్పి, అద్దం పడుకోబెట్టి, కళ్లజోడు పెట్టుకుని వదిలాడు.

ఆ తరువాత అరగంటా మాటల్లో పెట్టడం నా తరం కాదు. మంచు చెట్ల మొదళ్లలో పాలలా నిలిచివుంది. పైన వెదురుపొదల కొసలకి ఎండ తగిలి బంగారు పూత పూసినట్టుంది. ఒక్కొక్క మలుపులో లోయ నా మోచేతి కిందికి వచ్చి మళ్లీ తప్పుకునేది. బావ మూడు నుంచి రెండుకీ, రెండు నుంచి మూడుకీ గేర్లు మారుస్తూ వుంటే ఇంజను రాగం మార్చినట్టు పలికేది. చెప్పొద్దూ, నాకు కూడా పూనకం వచ్చింది. “ఇంకొంచెం తొక్కు బావా!” అని అరిచాను.

దిగుడు మొదలైంది. పూనకంలో వున్నవాడికి సూత్రాలు గుర్తుండవు. ఆయన గేరు తగ్గించడం మానేసి ప్రతి మలుపుకీ బ్రేకు తొక్కుతున్నాడు. ఆ కాలపు కార్లకి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. ఎడతెగకుండా తొక్కితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది. లోపలి బ్రేకు షూకి దూరమవుతుంది. పెడలు కిందికంటా పోతుంది గాని పట్టు వుండదు. 2019 అక్టోబరులో యాత్రికుల బస్సు ఒకటి లోయలో పడింది ఈ ఘాటులోనే. ఒక మలుపు దగ్గర బావ ముఖంలో రంగు మారింది. చటుక్కున రెండో గేరులో వేసి, కొండవైపు మట్టిలోకి కారుని ఒరిపించి ఆపాడు. చక్రాలనుంచి మాడువాసన కమ్ముకొచ్చింది.

“అరగంట చల్లారనిద్దాం,” అన్నాడు నా వైపు చూడకుండా. నేను కూడా ఆయనవైపు చూడలేదు. ‘తొక్కు’ అన్నది నేనే కదా!

◆

ఇంజను ఆగాక అడవిలో ఎన్ని చప్పుళ్లున్నాయో తెలిసింది. వాటిలో ఒకటి మనుషులది. రోడ్డు కిందినుంచి వస్తోంది.

ముందు ఒక వెదురు గడ కొస కనిపించింది. తరువాత దాన్ని మోస్తున్న ఇద్దరు, వెనక ఇంకో ఇద్దరు, ఒక ముసలామె. గడకి కట్టిన దుప్పటిలో ఒక అమ్మాయి ముడుచుకుని వుంది. డోలీ. నెలలు నిండిన మనిషి, రాత్రినుంచి నొప్పులు. లోయలో వున్న తమ గూడెం నుంచి చీకట్లోనే బయలుదేరి, రోడ్డెక్కితే ఏదో బండి దొరుకుతుందని వచ్చారు. నా ఫోను తీసి చూశాను. దానికి ఆ మలుపులో ప్రాణం లేదు.

వాళ్లలో చిన్నవాడు, అమ్మాయి పెనిమిటి, కారు కేసి చూశాడు. ఏమీ అడగలేదు. అందులో ఎన్ని సీట్లున్నాయో లెక్కపెట్టుకున్నాడు కాబోలు, చూపు తిప్పేసుకుని రోడ్డు పైకి చూశాడు.

ఆ చూపు చూశాక నేను కూర్చోలేకపోయాను. దిగాను.

“రెండే సీట్లురా...” అన్నాడు బావ, తనలో తాను అనుకుంటున్నట్టు. అప్పటికే ఆయన నా సీటు మీద దుప్పటి పరుస్తున్నాడు. ఆ కారులో వీపు ఆనించే పలక ఇద్దరికీ ఒక్కటే. సర్దుకుంటే ముగ్గురు ఇరుకుతారు. ముసలామె ముందు ఎక్కి కూతుర్ని ఒళ్లోకి తీసుకుంది. తిరుగుదారి చాలామటుకు ఎగువ, బ్రేకుతో పని తక్కువ. బావ అద్దం లేపి, మొదటి గేరు వేసి కదిలాడు. అంత మెల్లిగా ఆయన కారు నడపడం నేనెన్నడూ చూడలేదు. ప్రతి గుంటకీ ఆగి, దాన్ని చుట్టి, మళ్లీ కదులుతున్నాడు. ఆ ఎర్రటి కారు మలుపు తిరిగేదాకా పెనిమిటి అలాగే నిలబడ్డాడు.

“నడుద్దారండి,” అన్నాడు.

మారేడుమిల్లికి పదకొండు కిలోమీటర్లు. నలుగురు మనుషులు, వాళ్ల వెనక రొప్పుతూ నేను.

నేను రోడ్డు పట్టి పోబోతుంటే అతను ఆపాడు. “అటు కాదండి. మలుపులు మోటారుకండి. మాకు అడ్డదారుంది.” నిజమే. మలుపుకీ మలుపుకీ మధ్య నిట్టనిలువుగా ఒక కాలిబాట వుంది. కారులో అంతసేపు తిరిగిన మెలికలు ఆ బాటన ఒక గుక్కలో అయిపోయాయి. ఆ గుక్కకి నా ప్రాణం సగం పోయిందనుకోండి. ‘ఎక్కేవాడిది బరువు’ అన్న మాట అప్పుడు మోకాళ్లకి అర్థమైంది.

దారిలో అతనే నాకు అన్నీ చూపించాడు. విస్తళ్లు కుట్టే అడ్డాకు, కల్లు గీసే జీలుగు చెట్టు, చీపుర్లు కట్టే కొండగడ్డి. వెదురుని చూపిస్తూ, ఒకప్పుడు ఇది లారీలకెత్తి రాజమండ్రి కాగితాల మిల్లుకి పంపేవారని చెప్పాడు. వాళ్ల తాత కూడా ఆ కూలికి వెళ్లాడట. ఇవే చెట్ల పక్కనుంచి పొద్దున్న నేను దూసుకువచ్చాను. నాకు కనిపించింది పచ్చదనం మాత్రమే. అతను మాట్లాడుతూనే మధ్యమధ్య రోడ్డు కేసి చూసేవాడు. ఆ మాటలు నాకోసం కాదని, తన గుండె నిలవడానికని తరువాత తెలిసింది.

సగం దారిలో వుండగా హారను వినిపించింది. బావ.

“ఆసుపత్రిలో చేర్చాను. ఇద్దరికీ ఫరవాలేదన్నారు,” అని, నేను ఆనందంగా తలుపు మీద చెయ్యి వేయబోతే, “నువ్వు కాదురా. నువ్వెక్కయ్యా,” అని ఆ కుర్రవాణ్ణి పిలిచాడు. నేను మళ్లీ నడిచాను. మిగతా ముగ్గురూ నన్ను చూసి నవ్వారు. జలతరంగిణి జలపాతం దగ్గర కాళ్లు కడుక్కుని కూర్చుంటే బావ మూడోమాటు వచ్చేదాకా లేవలేకపోయాను.

“ఎంతసేపు పట్టింది బావా, ఆ పదకొండు కిలోమీటర్లకీ?”

“నలభై నిమిషాలు,” అన్నాడు. కాసేపాగి, “ఈ కారుని నేను సరిగా నడిపింది ఆ నలభై నిమిషాలేరా,” అన్నాడు.

మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. మేము వెళ్లి చూశాం. ముసలామె మా ఇద్దరికీ చెరొక గుప్పెడు చింతపండు పొట్లం కట్టి ఇచ్చింది. తిరుగుదారిలో ప్రతి దిగుడుకీ బావ రెండో గేరు వేశాడు. ఎదురుగా ఎక్కివచ్చే ప్రతి బండికీ, నెత్తిన కట్టెలమోపుతో వచ్చే ఒక ముసలాయనకి కూడా, పక్కకి తీసి ఆగాడు.

రాత్రి ఇంటికి చేరాక కథంతా విని అక్కయ్య వేళ్లమీద లెక్కపెట్టింది. “మీరు, ఆ ముసలామె, ఆ అమ్మాయి, కడుపులో బిడ్డ. రెండు సీట్లలో నలుగురు పట్టారన్నమాట!”

“పట్టారు,” అన్నాడు బావ.

“అయితే సంసారానికి పనికొచ్చే బండే. ఆ పిల్లకి బారసాల ఎప్పుడో కనుక్కోండి. నేను కూడా వస్తాను.”