ఖాళీ గడికి రెండర్థములు

పాఠశాల పత్రములో ఒక గడి ఖాళీగా మిగిలినచో పలువురు తల్లిదండ్రులు దానిని స్వల్పవిషయముగా నెంచుదురు. కాని 2022–23 విద్యాసంవత్సరము నుండి ఒక్కొక్క విద్యార్థి వివరములును యూడైస్ ప్లస్ అను జాతీయ పట్టికలో విడివిడిగా నమోదగుచున్నవి. కావున ఆ ఖాళీకి గల అర్థము నెఱుగుట మనకందఱకు నవసరము.

మగ్గము నెఱిగిన భివండీ వాసులకిది కష్టము గాదు. అందము కొఱకు పడుగులో కావలెనని విడిచిన సందు వేఱు. పోగు తెగి యేర్పడిన సందు వేఱు. కంటికి రెండును సందులే.

కంప్యూటరు డేటాబేసులోను ఈ భేదము కలదు. 'ఇంకను తెలియదు' అనుటకు నల్ అను గుర్తు కలదు. 'తెలిసినదే, కాని అందొక అక్షరమును లేదు' అనుటకు ఖాళీ పదము కలదు. సున్న యీ రెండింటిలో ఏదియు గాదు. అది యొక సంఖ్య.

ఉదాహరణము: మహారాష్ట్ర పద్ధతిలో పేరు నడుమ తండ్రి పేరు చేరును. మన పిల్లలలో కొందఱకు ఇంటిపేరు, సొంతపేరు మాత్రమే యుండును. నడిమి గడి ఖాళీగా నున్నచో, నడిమి పేరు లేదనియా, వ్రాయుట మఱచిరనియా? కాగితము చెప్పజాలదు.

పట్టికను ఒక డేటాబేసు నుండి మఱియొక దానికి చేర్చునపుడు చిక్కు పెరుగును. ఒరాకిల్ ఖాళీ పదమును నల్‌గానే యెంచును. పోస్ట్‌గ్రెస్ రెండింటిని వేఱుగా నుంచును. ఒకే ఖాళీకి చోటు మారినంతనే అర్థము మారవచ్చును.

మాతృభాష గడిని గూర్చి యోచింపుడు. 'తెలుగు వారెందఱు?' అని యడిగిన, నల్ గల బాలుడు లెక్కకు రాడు. 'తెలుగు కాని వారెందఱు?' అని యడిగినను రాడు; తెలియనిదానిని దేనితోను పోల్చుటకు వీలుగాదు. ఖాళీ పదమున్నచో తెలుగు కాని వారిలో చేరిపోవును. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికవిద్య మాతృభాషలో నేర్పుటకు వసతులు కల్పింపవలెనని, 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. ఆ వసతులడుగుటకు సరియైన లెక్క కావలెను.

కావున తల్లిదండ్రులకు మనవి. తెలిసిన గడిని విడువకుడు. గడిలో గీత గీయకుడు, 'లేదు' అని వ్రాయకుడు; ఆ మాటయే బాలుని తండ్రి పేరుగా నమోదు కావచ్చును. అసలు లేనిదైన లేదనియు, ఇంకను తెలియనిదైన తెలియదనియు తరగతి ఉపాధ్యాయునికి విడిగా చెప్పుడు. ఏ గుర్తుంచవలెనో పాఠశాల చూచుకొనును.