ప్రవరలో ఒక దత్తపుత్రుడు



పెళ్ళిపీటల మీద పురోహితుడు వధూవరుల గోత్రంతోపాటు ప్రవర కూడా చెబుతాడు. మీరు వినే ఉంటారు. గోత్రం వంశానికి మూలమైన ఋషి పేరు. ప్రవర ఆ వంశంలో కీర్తికెక్కిన ఋషుల వరుస. బోధాయనుడు చెప్పిన మూలఋషులు ఎనిమిది మంది: విశ్వామిత్రుడు, జమదగ్ని, భరద్వాజుడు, గౌతముడు, అత్రి, వసిష్ఠుడు, కశ్యపుడు, వీరికి తోడు అగస్త్యుడు.

ఇదంతా రక్తసంబంధమేనని మనం అనుకుంటాం. అయితే విశ్వామిత్ర వంశంలో ఒక ప్రవర చూడండి: వైశ్వామిత్ర, దైవరాత, ఔదల. ఇందులో నడిమివాడైన దేవరాతుడు విశ్వామిత్రునికి పుట్టినవాడు కాదు.

ఈ కథ ఐతరేయ బ్రాహ్మణం 7వ పంచికలో ఉంది. కొడుకు పుడితే అతన్నే బలి ఇస్తానని హరిశ్చంద్రుడు వరుణునికి మాట ఇచ్చాడు. ఆ కొడుకు రోహితుడు పెరిగి పెద్దవాడై అడవికి పారిపోయాడు. అక్కడ ఆకలితో అలమటిస్తున్న అజీగర్తుడనే ఋషి కనిపించాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాణ్ణి తండ్రి ఇవ్వనన్నాడు, చిన్నవాణ్ణి తల్లి ఇవ్వనంది. మధ్యవాడు శునశ్శేపుడు 100 ఆవులకు అమ్ముడుపోయాడు. అతన్ని యూపస్తంభానికి కట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. మరో 100 ఆవులు పుచ్చుకుని తండ్రే కట్టాడు. ఇంకో 100 ఆవులకు కత్తి నూరుకుంటూ వచ్చాడు.

కుర్రవాడు దేవతలను వేడుకున్నాడు, కట్లు ఊడిపోయాయి. ఋగ్వేదం మొదటి మండలంలో 24 నుంచి 30 వరకు సూక్తాలకు ఇతడే ద్రష్ట అని సంప్రదాయం.

అతడు వెళ్ళి, ఆ యాగంలో హోతగా ఉన్న విశ్వామిత్రుని ఒడిలో కూర్చున్నాడు. కన్నతండ్రి రమ్మన్నా వెళ్ళలేదు. విశ్వామిత్రుడు అతనికి దేవరాతుడని పేరు పెట్టి, తన 101 మంది కొడుకులకూ అన్నగా నిలబెట్టాడు. మధుచ్ఛందుడూ, అతని తమ్ముళ్ళు 50 మందీ సరేనన్నారు. అన్నలు 50 మంది మాత్రం ఒప్పుకోలేదు. మీ సంతానం పొలిమేరల్లో బతుకుతుందని తండ్రి వారిని శపించాడు. వారి సంతతిగా అక్కడ చెప్పిన జనులు ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు.

ఆంధ్ర అనే పేరు కనిపించే అతి పాత చోట్లలో ఇదొకటి. దీన్ని అచ్చంగా చరిత్ర అనుకోనక్కరలేదు. యాగాలు చేసేవారు తమకు దూరంగా ఉన్న జనాలను ఒక ఋషి ఇంటికి ముడివేసి చెప్పుకున్న తీరు ఇది. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో పొలిమేరల్లోనే ఉంటున్న మనకు ఆ శాపం వింటే నవ్వు రావచ్చు.

నవ్వుకున్నాక ఒక్క సంగతి తలచుకోండి. కన్నవాడు అమ్ముకున్న బిడ్డ పేరు, చేరదీసిన ఇంటి ప్రవరలో నేటికీ వినిపిస్తోంది. దత్తు వచ్చిన పిల్లవాణ్ణి చూసి 'వీడు మనవాడు కాదు' అని ఎవరైనా అంటే, వారికి దేవరాతుని పేరు చెప్పండి.