ఆకు పచ్చదనం ఎవరి చేతిలో ఉంది?

ఆకు పచ్చగా ఉండడానికి కారణం హరితరేణువులని బడికెళ్లే పిల్లలకూ తెలుసు. ఆ రేణువు ఎలా తయారవుతుంది, ఎవరి మాట వింటుంది అని అడిగితే మాత్రం పెద్దవాళ్లూ తడబడతారు. బడి పాఠం సగంలో ఆగిపోవడం వల్ల మిగిలిన అపోహలు కొన్ని, పెరట్లో పుట్టినవి కొన్ని.

అపోహ: హరితరేణువుకు సొంత డీఎన్ఏ ఉంది కాబట్టి తనను తానే తయారు చేసుకుంటుంది.

వాస్తవం: సొంత డీఎన్ఏ ఉన్న మాట నిజమే. 1986లో జపాన్ శాస్త్రవేత్తలు పొగాకు హరితరేణువు డీఎన్ఏను మొదటి నుంచి చివరిదాకా చదివారు. మొత్తం సుమారు 1,56,000 అక్షరాలు. అందులో జన్యువులు వంద పైచిలుకు మాత్రమే. హరితరేణువు నడవాలంటే రెండు, మూడు వేల రకాల ప్రొటీన్లు కావాలి. వాటిలో అత్యధిక భాగానికి సూచనలు కణ కేంద్రకంలోని జన్యువుల్లోనే ఉన్నాయి.

ఎందుకిలా? వంద కోట్ల ఏళ్లకు ముందే ఒక కణంలోకి చేరిన సైనోబాక్టీరియా వారసులే ఈ రేణువులు. ఆస్తి కాగితాలు చాలావరకు పెద్దింటి బీరువాలో పెట్టి, చేతి కింద నాలుగు ఉంచుకున్నట్టు, హరితరేణువు తన జన్యువుల్లో చాలావాటిని కాలక్రమంలో కేంద్రకానికి వదిలేసుకుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే రుబిస్కో ఎంజైమే చూడండి. దాని పెద్ద ముక్కకు జన్యువు హరితరేణువులో ఉంది, చిన్న ముక్కకు కేంద్రకంలో. చిన్న ముక్క బయట తయారై, తన కొసన ఉన్న చిరునామాలాంటి భాగం సాయంతో లోపలికి వెళ్తుంది. లోపలికి చేరగానే ఆ కొస తెగిపోతుంది.

అపోహ: సంతానానికి అన్నీ తల్లిదండ్రులిద్దరి నుంచీ సమానంగా వస్తాయి.

వాస్తవం: మన పెరళ్లలో సాయంత్రం పూసే చంద్రకాంత ఈ మాటను కొట్టిపారేసింది. జర్మనీ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ కారెన్స్ దగ్గర ఒక చంద్రకాంత రకం ఉండేది. ఒకే మొక్కలో కొన్ని కొమ్మలు పచ్చగా, కొన్ని తెల్లగా, కొన్ని మచ్చలతో. తెల్ల కొమ్మ మీది పువ్వుకు ఏ కొమ్మ పుప్పొడి అద్దినా తెల్ల మొలకలే వచ్చేవి. తిండి తయారు చేసుకోలేక అవి కొద్ది రోజుల్లోనే చచ్చిపోయేవి. పచ్చ కొమ్మ గింజల నుంచి పచ్చవి, మచ్చల కొమ్మ గింజల నుంచి మూడు రకాలూ. పుప్పొడి ఎక్కడిదైనా ఫలితంలో తేడా లేదు. ఎందుకంటే ఈ మొక్కలో హరితరేణువులు స్త్రీబీజకణం ద్వారానే పిల్లకు చేరతాయి. ఈ ఫలితాలు 1909లో అచ్చయ్యాయి. వారసత్వం గురించి మెండెల్ చెప్పిన సూత్రాలను 1900లో తిరిగి వెలికితీసిన వారిలో కారెన్స్ ఒకరు. ఆ సూత్రాలకు లొంగని ఉదాహరణ కూడా ఆయన తోటలోనే దొరకడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

అలాగని ప్రతి మొక్కలోనూ తల్లిదే పైచేయి అనుకుంటే అది ఇంకో అపోహ. అదే 1909లో ఎర్విన్ బౌర్ జెరేనియం కుటుంబానికి చెందిన పెలార్గోనియంలో తల్లి, తండ్రి ఇద్దరి రేణువులూ సంతానానికి వస్తాయని చూపాడు. పైన్ చెట్లలోనైతే సాధారణంగా పుప్పొడి వైపు నుంచే వస్తాయి.

అపోహ: ఆకు మీది తెల్లచారలు తల్లి నుంచి వస్తున్నాయంటే తప్పు హరితరేణువు డీఎన్ఏలోనే మొదలైంది.

వాస్తవం: మొక్కజొన్నలో ‘అయోజాప్’ అనే జన్యువు ఉంది. ఉండేది కేంద్రకంలో. అది రెండు ప్రతుల్లోనూ చెడితే ఆకుల మీద తెల్లచారలు పడతాయి. 1943లో మార్కస్ రోడ్స్ గమనించిన విశేషం ఏమిటంటే, అలా ఒకసారి పాడైన రేణువులు తర్వాతి తరంలో మంచి జన్యువు దొరికినా బాగుపడవు. తల్లి వైపు నుంచి అలాగే దిగుతూ పోతాయి. దెబ్బ కొట్టింది కేంద్రకం, మోస్తున్నది హరితరేణువు. వంశవృక్షం చూసి నేరస్థుణ్ని తేల్చేవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు.

అపోహ: వెలుగు లేకపోతే ఏ మొక్కా పచ్చబడదు.

వాస్తవం: పెళ్లిళ్లలో పాలికల్లో పోసిన నవధాన్యాలు గదిలో చీకటి మూలన మొలిస్తే పాలిపోయిన పసుపు రంగులో సాగిలపడి ఉంటాయి. హరితరేణువులోని పచ్చరంగు పదార్థమైన పత్రహరితం తయారీలో చివరి మెట్లలో ఒకదాన్ని దాటడానికి పూలమొక్కల ఎంజైముకు కాంతి తప్పనిసరి. వెలుగులో పెడితే గంటల్లోనే పచ్చదనం మొదలవుతుంది. పైన్ మొలకలు మాత్రం కటిక చీకట్లోనూ పచ్చబడగలవు. కాంతితో పని లేని మరో ఎంజైముకు కావలసిన మూడు జన్యువులు వాటి హరితరేణువు డీఎన్ఏలో ఇంకా ఉన్నాయి. పూలమొక్కలు వాటిని పోగొట్టుకున్నాయి.

అపోహ: కాయ దశలో టమాటా తొడిమ దగ్గర ముదురు పచ్చగా ఉంటే నాసిరకం.

వాస్తవం: ఆ ముదురు పచ్చ పాత రకాల సహజ లక్షణం. కాయ పైభాగంలో హరితరేణువులు బాగా ఎదిగేలా చేసేది జీఎల్‌కే2 అనే జన్యువు. కాయంతా ఒకే లేత పచ్చగా ఉంటే కోతకు వచ్చిందో లేదో కనిపెట్టడం సులువు. అందుకని దశాబ్దాల తరబడి ప్రజననకారులు ఈ జన్యువు చెడిన మొక్కల్నే ఏరుకుంటూ వచ్చారు. చెడింది ఏ జన్యువో అప్పట్లో వాళ్లకు తెలియదు. 2012లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన గుట్టు విప్పింది: డీఎన్ఏలో ఒకే ఒక్క అక్షరం అదనంగా చేరడంతో జన్యువు పనికిరాకుండా పోయింది. దాన్ని మళ్లీ పనిచేయిస్తే పండులో చక్కెర పెరిగింది. మార్కెట్ టమాటాకు రుచి లేదని గొణిగేవాళ్ల మాటలో కొంత పస ఉందన్నమాట. పండిన తర్వాత కూడా తొడిమ చుట్టూ గట్టిగా, పసుపుగా మిగిలితే అది వేరే సంగతి. దానికి ఎండ వేడి, పొటాష్ లోపం లాంటి కారణాలుంటాయి.

అపోహ: ఆకు మీద తెలుపు, పసుపు మచ్చలుంటే తెగులే, ఎరువు వేస్తే పోతాయి.

వాస్తవం: మినుము చేలో పల్లాకు తెగులు వైరస్ పని, తెల్లదోమ మోసుకొస్తుంది. కుండీలో మచ్చల మనీప్లాంట్‌ది తెగులు కాదు. కొన్ని కణాల్లో హరితరేణువులు సరిగా ఎదగకపోవడమే ఆ మచ్చ, యూరియాతో అది మారదు. ఇలాంటి మొక్కలో పూర్తి పచ్చ కొమ్మ వస్తే అది వేగంగా పెరిగి మిగతావాటిని మింగేస్తుంది కాబట్టి దాన్ని కత్తిరించాలి. అందంగా ఉందని పూర్తి తెల్ల కొమ్మను వేరుగా నాటితే మాత్రం అది బతకదు.