లినక్స్ కమాండ్ లైన్ ద్వారా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల జాబితా సేకరణ: క్షేత్ర ప్రయోగాల విశ్లేషణలో దాని ఆవశ్యకత

క్షేత్ర ప్రయోగ ఫలితాలను నివేదించేటప్పుడు నేల స్వభావం, పైరు రకం, ఎరువుల మోతాదు, విత్తిన తేదీ తప్పనిసరిగా పేర్కొంటారు. విశ్లేషణకు వాడిన సాఫ్ట్‌వేర్ వెర్షన్ మాత్రం తరచుగా నమోదు కాదు. ఈ చిన్న లోపం ఫలితాలనే తారుమారు చేయగలదు. 2019లో విడుదలైన ఆర్ 3.6.0 వెర్షన్ నుండి 'శాంపుల్' ఫంక్షన్ యాదృచ్ఛిక ఎంపిక పద్ధతి మారింది. అందువలన ఉబుంటు 18.04తో లభించిన ఆర్ 3.4.4లో రూపొందించిన లేఅవుట్‌ను, ఉబుంటు 20.04లోని ఆర్ 3.6.3లో అదే సీడ్ సంఖ్యతో మళ్లీ రూపొందిస్తే ట్రీట్‌మెంట్ల క్రమం వేరుగా రావచ్చును. ఆ రెండవ క్రమాన్ని అనుసరించి మడుల దిగుబడులను నమోదు చేస్తే, ఒక ట్రీట్‌మెంట్ దిగుబడి మరొకదాని ఖాతాలో చేరుతుంది. ప్రోగ్రామ్ ఎటువంటి హెచ్చరికా చేయదు.

డెబియన్, ఉబుంటు వ్యవస్థలలో ప్యాకేజీల వివరాలను 'డీపీకేజీ' నిర్వహిస్తుంది. టెర్మినల్‌లో ఈ పేరు తరువాత ఖాళీ విడిచి, హైఫన్, చిన్న 'ఎల్' అక్షరం టైపు చేస్తే స్థితి, పేరు, వెర్షన్, ఆర్కిటెక్చర్, వివరణ వరుసగా కనిపిస్తాయి. పంక్తి మొదట 'ఐఐ' అని ఉంటే ఆ ప్యాకేజీ సక్రమంగా ఇన్‌స్టాల్ అయి ఉన్నదని అర్థం. 'ఆర్‌సీ' అని ఉంటే ప్యాకేజీ తొలగించబడినది, దాని కాన్ఫిగరేషన్ ఫైళ్లు మాత్రమే మిగిలి ఉన్నవి. కావున జాబితాలో పేరు కనిపించినంత మాత్రాన సాఫ్ట్‌వేర్ ఉన్నట్లు భావించరాదు. 'ఆప్ట్ లిస్ట్' ఆదేశానికి రెండు హైఫన్లతో 'ఇన్‌స్టాల్డ్' చేర్చినా జాబితా లభిస్తుంది. ఫెడోరా వంటి వ్యవస్థలలో 'ఆర్‌పీఎం' తరువాత హైఫన్‌తో 'క్యూ', 'ఎ' అక్షరాలను వాడాలి. స్నాప్ రూపంలో చేర్చిన వాటిని 'స్నాప్ లిస్ట్' ద్వారా విడిగా చూడవలసి ఉంటుంది.

జాబితాలో వందల పంక్తులు ఉంటాయి కనుక, నిలువుగీత గుర్తుతో ఆదేశాన్ని 'గ్రెప్'కు అనుసంధానించి కావలసిన పేరును మాత్రమే వెదకవచ్చును. ఆదేశం చివర 'కంటె ఎక్కువ' గుర్తు, ఫైలు పేరు చేర్చితే జాబితా యావత్తూ ఫైలులో భద్రమవుతుంది.

అయితే ఈ జాబితాకు ఒక పరిమితి ఉన్నది. ఆర్ లోపలి నుండి విద్యార్థి స్వయంగా చేర్చుకున్న ప్యాకేజీలు ఇందులో కనిపించవు. వాటి కొరకు ఆర్‌లోనే 'ఇన్‌స్టాల్డ్ ప్యాకేజెస్' ఫంక్షన్‌ను, విశ్లేషణలో వాస్తవంగా వాడిన వాటి కొరకు 'సెషన్ ఇన్ఫో'ను నడపాలి. పైథాన్ వాడేవారికి 'పిప్ లిస్ట్' ఉపయోగపడుతుంది.

లేఅవుట్ రూపొందించిన రోజున ఒకసారి, తుది విశ్లేషణ రోజున మరొకసారి ఈ జాబితాలను తేదీతో భద్రపరచి, ముద్రించిన లేఅవుట్‌తో పాటు ఫీల్డ్ పుస్తకంలో చేర్చడం శ్రేయస్కరం. పాత వెర్షన్ ఏదో తెలిసినప్పుడు, 3.6.0కు పూర్వపు ఎంపిక పద్ధతిని కొత్త ఆర్‌లో కూడా ఎంచుకొని తొలి క్రమాన్ని తిరిగి పొందే వీలున్నది. వెర్షన్ తెలియనప్పుడు మాత్రం పొలంలో ఏ మడికి ఏ ట్రీట్‌మెంట్ ఇచ్చారో నిర్ధారించడానికి ఆ కాగితమే ఆధారం.